బత్తా పైసల బువ్వ

జర ఇటు జరుగుండ్రి, పొగంత నా దిక్కే కొడుతున్నది. ఆ కందికట్టె ఎగదొయ్యి బిడ్డా. ఏందీ, ఫోన్ల పళ్లేలు చూపిచ్చుకుంట "తాతా, గిసోంటియి ఎన్నడన్న తిన్నవా" అంటవా? మీ తాత లారీ మీద క్లీనర్ పని చేసినోడు పిల్లా. ఇయ్యాల తొర్రూరు బస్టాండు కాడ మీకు దొరికే తీర్లల్ల సగం నేను తొవ్వల మీద ఎప్పుడో తిన్న. జేబుల ఉన్నయి బత్తా పైసలు, అంతే. బత్తా అంటే తెల్వదా? తొవ్వ ఖర్చుకని లారీ షావుకారి దినానికి ఇంత అని ఇచ్చేది. అండ్లనే తినాలె, అండ్లనే మిగుల్చుకోని ఇంటికి తేవాలె.

అంత తక్కువ పైసలల్ల అన్ని తీర్లు ఎట్ల తిన్నవంటే, దానికొక ఇకమతు ఉన్నది. మా ఉస్తాద్ నేర్పిండు. క్లీనర్లు డ్రైవరును ఉస్తాద్ అనే అంటరు, పేరు పెట్టి పిలువరు. మా ఉస్తాద్ వరంగల్ తురకాయన, బీడీ నోట్లకెళ్లి తీయకుంటనే మాట్లాడేది. కొత్త ఊర్ల హోటల్ ముంగట బండి ఆపంగనే ఆయన బోర్డు చూడకపోయేది, ధర అడగకపోయేది. పక్కోని బల్ల మీద చూసేది. పైసలు తీసుకోకుంట హోటలోడు ఏం పెడుతున్నడు? చట్నీ ఎట్లున్నది, సాంబారు పలుసగున్నదా, షేర్వా మళ్ల పోస్తున్నడా, ఉల్లిగడ్డ అప్పుడు కోసిందా, పొద్దుగాల కోసిందా? పైసలొచ్చేదాన్ని ఎవడైనా మంచిగనే చేస్తడురా, ఊకె ఇచ్చేదాన్ని మనసు పెట్టి చేసినోడే వంటోడు అనేది. ఇన్నేండ్ల సంది చూస్తున్న, ఆయన మాట తప్పు పోయింది లేదు.

కని ముందుగాల గిలాస ముచ్చట చెప్పాలె. అది ఇడిసిపెట్టి హోటల్ ముచ్చట నేను చెప్ప.

అప్పుడు మనది తొర్రూరుకు ఆవల పల్లె. ఊరి నడుమ ఒక గుడిసె హోటల్ ఉండె. పొద్దుగాల చాయ్, మాపటికి మిర్చీలు, పకోడి. మా నాయిన పటేలు ఇంట్ల జీతం ఉండేటోడు. నైజాం సర్కారు కాలంల రూపాయే వేరేనట, హాలీ సిక్క అందురు. ఇంగ్లీషోళ్ల కల్దారు రూపాయలు ఆరు ఇస్తే హాలీయి ఏడు వచ్చేటియట. ఆ లెక్క మా నాయినకు నోటికి వచ్చు. పటేలు ఇంట్ల ఇని ఇని నేర్సుకున్నడు. ఆయన చేతిల మాత్రం కల్దారూ నిలువలే, హాలీ నిలువలే. జీతమంటే ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, చెప్పుల జత.

1957ల కొత్త పైసలు వచ్చినయి. రూపాయికి నూరు పైసలన్నరు. అయినా జనం నోట్లకెళ్లి చారాణ, ఆఠాణ, బారాణ పోలే. బర్లు కాసినందుకు నాకు ఎప్పుడన్న ఇంత చిల్లర దొరికితే పిడికిట్ల పట్టుకోని ఆ గుడిసె హోటల్ కాడికి ఉరికేది. లోపటికి రానియ్యరు. యాప చెట్టు కింద నిలబడాలె. మన వాడోళ్ల గిలాసలు గుడిసె సూర్ల చెక్కి ఉండేటియి. సత్తు గిలాసలు, అంచులన్ని సొట్టలు. మనమే తీసుకోవాలె, మనమే దుమ్ము కడుక్కోవాలె, ముంగట కింద పెట్టి దూరం జరగాలె. హోటలాయన వచ్చి మీదికెళ్లి పోసేది, గిలాసకు గంటె తాకకుంట. తాగి మళ్ల కడిగి సూర్ల చెక్కి పోవాలె. లోపటోళ్లకు గాజు గిలాస, కూసునేతందుకు బల్ల. చాయ్ ఒక్కటే, ధర ఒక్కటే. పైసలు సుత చేతికియ్యద్దు, అరుగు మీద పెడితే ఇన్ని నీళ్లు చల్లి తీసుకునేది. అన్ని పైసలు పోయి పడేది మల్ల అదే డబ్బాల!

మిర్చీలైతే కాయితంల చుట్టి ఇసిరేటోడు. పట్టుకుంటే మనయి, లేకుంటే కుక్కలయి. నాకు గురి తప్పకపోయేది. తిన్నంక ఆ నూనె కాయితం సాపుగ చేసుకోని అచ్చరాలు కూడబలుక్కునేది. బడికి పోయింది తక్కువ, నాకొచ్చిన చదువుల సగం మిర్చి కాయితాలదే.

అంబేద్కర్ సాబ్ రాజ్యాంగంల 15వ అధికరణం కింద రాసే పెట్టిండు, దుకాణంలకు, హోటల్లకు పోకుంట కులం పేరు మీద ఎవల్నీ ఆపద్దని. అది 1950 సంది ఉన్నది. 1955ల అంటరానితనం నేరమని వేరే చట్టం సుత వచ్చింది. సంఘం మీటింగులల్ల ఇని నేను ఇదంత తెలుసుకునే వరకు నాకు మీసాలు వచ్చినయి. మా ఊరి సూరు దాక ఆ కాయితం రాలేదు మరి. 1965ల పాకిస్తాన్‌తోని లడాయి అయితున్నప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం ఒక పూట బువ్వ ఇడిసిపెట్టుండ్రి అన్నడు. పట్నంల హోటళ్లు సోమవారం మాపటికి బందు పెట్టిండ్రట. హోటల్ కాడ రేడియోల ఇనొచ్చి నేను చెప్తే మా నాయిన ఒకటే నవ్వుడు. "వారానికి ఒక్క పూటేనా? గంతేనా?" అన్నడు.

ఇగ లారీ ముచ్చట. తొర్రూరు నాలుగు తొవ్వల ఊరు. ఇటు వర్ధన్నపేట మీదికెళ్లి వరంగల్, అటు మరిపెడ మీదికెళ్లి ఖమ్మం, ఒక దిక్కు నెల్లికుదురు దాటితే మానుకోట, ఇంకో దిక్కు పాలకుర్తి దాటితే జనగామ. లారీలన్ని ఈడ నిలబడి నీళ్లు పోసుకునేటియి. నేను పటేలు బర్లను ఇడిసిపెట్టి వచ్చి నీళ్లు మోస్తుంటి. ఉస్తాద్ చూసి, వస్తవారా అన్నడు. ఎక్కిన. ఇంట్ల చెప్పనే లేదు.

వరంగల్ టేషన్ కాడ ఆపిండు. ఇరానీ తీరు హోటల్. పాలరాతి బల్లలు, వంగిన కర్ర కుర్చీలు, పెద్ద అద్దం. ఆయన లోపటికి పోయిండు, నేను గడప బయట నిలబడ్డ. అలవాటు అట్లుండె. "అందర్ ఆ బే!" అని అరిసిండు. పోయి కుర్చీ అంచు మీద కూసున్న. నా ఎదురుంగ ఎవలో బట్టల షావుకారి, పక్కపొంటి రిక్షా తొక్కేటోడు. చాయ్ పోరడు వచ్చి కప్పు టక్కున పెట్టిండు, సగం చాయ్ సాసర్ల ఒలికింది. ఎవలోళ్లవు, ఏ ఊరు అని అడగలే. బిస్కటా, సమోసనా అన్నడు, అంతే.

తాగిన. తాగి లేచి కప్పు, సాసర్ పట్టుకోని నల్లా ఏడున్నదో అని చూస్తున్న, కడిగి పెడదామని. ఆ పోరడు ఉరికొచ్చి గుంజుకున్నడు. "ఏం భాయ్, నా నౌకరి తీస్తవా" అన్నడు. బల్లలోళ్లందరు నవ్విండ్రు. ఉస్తాద్ నవ్వలే. బీడీ కింద పడేసి ఇంకొక చాయ్ చెప్పిండు నాకు.

ఆడనే నేర్సుకున్న. పాలెక్కువ పోస్తే పౌనా, చిక్కటిది ఖడక్. ఒక చాయ్‌ని రెండు కప్పులల్ల పోయిచ్చుకుంటే ఏక్ మే దో. ఉస్మానియా బిస్కట్ ఉన్నదిగద, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చిందంటరు. తియ్యగ, ఉప్పగ రెండు తీర్లుంటది. ఆకలైన నాడు దాన్ని చాయ్‌ల ముంచి తింటే అరపూట ఎల్లుతది. రొట్టె కొనుక్కుంటే షేర్వా ఊకెనే. కూర కొనుక్కున్నోని షేర్వా, కొననోని షేర్వా అని రెండు కుండలు లేవు ఆడ. నాకు నచ్చింది అదే.

బెజవాడ దిక్కు పోతే మెస్సులు. అరిటాకు ఏస్తరు. ప్లేట్ మీల్స్ అని తక్కువ ధరకు ఒకటి, ఫుల్ మీల్స్ అని ఇంకోటి. ఉస్తాద్ లెక్క ఏందంటే, దినాం రెండు పూటలు ప్లేట్ తినేకంటె పొద్దంత చాయ్ మీద ఉండి ఒక్క పూట ఫుల్ మీల్స్ తినాలె. ముందుగాల కందిపొడి, ఇంత నెయ్యి. ఆ ముద్దతోనే తెలిసేది మెస్సు సంగతి. నెయ్యి గంటె కొనకు తడిపి ఇదిలిచ్చి పోయేటోని సాంబారు సుత నీళ్లే. కందిపొడి గమగమలాడిందా, ఇగ కూర్చునుడే. గోంగూర ఉండేది, కొన్ని దిక్కుల ఉలవచారు. మనింట్ల ఉలవలు ఎడ్లకు పెట్టేది, ఈళ్లు చారు పెట్టిండ్రు అనుకున్న. అంత చిక్కటి రుచి ఇంకొకటి నేను చూడలే. బ్రాహ్మణ భోజన హోటల్ అని బోర్డు రాసిన దాంట్ల సుత తిన్న ఒకపాలి. ఎవలు అడగలే గని, ఆకు ఎత్తేదాక గుండె దడదడ కొట్టుకుంటనే ఉండె.

నాగపూర్‌కు మిర్చి బస్తాలు ఏసుకోని పోయేది. వచ్చేటప్పుడు దొరికితే సంత్రాల లోడు. ఆదిలాబాద్ దాటినంక మాటే మారుతది. నాగపూర్ల పొద్దుగాల అటుకుల ఉప్మా తీరుది పెడతరు, పోహా. తెల్లగ, సప్పగ ఉంటది, మన నాలికెకు ఆనదు. కని దాని మీద తర్రీ పోస్తరు చూడు! ఎర్రటి నూనె తేలుకుంట, నల్ల శనిగెలేసిన పులుసు. సలికాలం తెల్లారంగ, బస్తాలు దించినంక, ఆ మిర్చి ఘాటు ఇంక ముక్కుల ఉండంగనే ఆ తర్రీ గొంతు దిగుతుంటే కండ్లకెళ్లి నీళ్లు, ఒంట్లకెళ్లి చెమట. తర్రీ అయిపోతే గిన్నె చూపిస్తే మళ్ల పోస్తడు. పైసలు పోహాకే. మన మిర్చి మనకే తిప్పి పోస్తున్నడు, పైసలు ఏం తీసుకుంటడు అనేది ఉస్తాద్. సావ్‌జీ హోటళ్లని ఉంటయి ఆడ, సాలె పని చేసేటోళ్ల కాడ పుట్టిన వంట. మటన్ కారం ఎట్లుంటదంటే మన తలకాయ కూర దాని ముంగట పాలబువ్వ.

పంజాబీ ఢాబాలల్ల నులక మంచం మీద కూసోబెట్టి నడుమ అడ్డంగ పలక ఏస్తరు. హాఫ్ దాల్, తందూరి రొట్టెలు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, అచార్ ఎంతైనా. మద్రాసు దిక్కు పరోటా. ఇనుప పెనం మీద ముక్కలు ముక్కలు కొడుతుంటే ఆ చప్పుడు ఊరవతలికే ఇనపడుతది, ఆకలి దానంతటదే లేస్తది. దానికి సాల్నా అని పులుసు, అడిగినన్ని మాట్లు. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు రాదు. పరోటాను వేలుతోని చూపెట్టి నవ్వితే సాల్నా వచ్చేది.

మీ నాయినమ్మకు ఇవన్ని చెప్తే మూతి తిప్పేది. ఆడోళ్లు అప్పుడు హోటల్లకు వచ్చేటోళ్లు కాదు. వచ్చినా ఫ్యామిలీ రూం అని పరదా కట్టిన అర్రలు ఉండేటియి. అండ్ల కూసోని బయటికి కనపడకుంట తినాలె. వరంగల్ దవాఖానకు తోలుకపోయిన నాడు పరదా అర్రల కూసోబెట్టి పూరీ చెప్పిన. అటీటు చూసి, ఎవలన్న చనిపోయిన్రా, ఇంత సప్పుడు లేదేంది అన్నది. బిల్లు చూసి, గీ పైసలకు సోలెడు పిండొచ్చు గద అన్నది. ఆ పరదా లేపి పక్క బల్లోళ్లు ఏం తింటున్నరో మాత్రం కండ్లార చూసింది!

నేను సావ్‌జీ తీరు కూర ఇంట్ల చేస్తనని నాగపూర్‌కెళ్లి మసాలా తెచ్చిన ఒకపాలి. మా ఇంటి కోడిని, ఇంతంత సన్నపు కోడిని, పట్టుకొచ్చిన. ఆమె మసాలా పొట్లాలు లెక్కపెట్టి, "చారాణ కోడికి బారాణ మసాలానా" అన్నది. వాడంత నవ్వింది. కని కూరైనంక గిన్నె ఊడ్చింది ఎవలో అడుగుండ్రి.

ఊకె తినుడంటే గుర్తొచ్చింది. అన్నారం షరీఫ్ దర్గాకు పోయినమా మనం, పర్వతగిరి దిక్కు? ఆడ కందూరు చేసేటోళ్ల కాడ తిన్న బగారా అన్నం, దాల్చా ఏ హోటల్ల దొరకదు. తురకోళ్లు, హిందువులు అందరు మొక్కు చెల్లిస్తరు, యాటను కోసి వండి, వచ్చినోని పేరు అడగకుంట పెడతరు. ఇప్పుడు మన పెండ్లిల్లల్ల బగార లేకుంటె సుట్టాలు అలుగుతున్నరు గద.

1983ల ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినంక మన ఇండ్లల్ల గటక, జొన్న రొట్టె తగ్గినయి. మీ నాయిన తరమే దినాం తెల్లబువ్వ చూసిన తరం. చిత్రమేందంటే ఆ జొన్న రొట్టెనే ఇప్పుడు హైదరాబాద్ల తొవ్వ పక్కపొంటి ఆడోళ్లు కాల్చి అమ్ముతుంటే కారు ఆపి కొంటున్నరు, షుగర్‌కు మంచిదని. లేక తిన్న రొట్టెకు గింత గిరాకి ఉంటదని మా అవ్వకు తెలిస్తే జీతం మానిపిచ్చి దుకాణం పెట్టిచ్చేది మా నాయినతోని.

తొర్రూరు సుత మారింది. 2016ల మనం మానుకోట జిల్లాల పడ్డం, 2018ల మునిసిపాలిటీ అయినం. నేను తొవ్వల ఎంట తిరిగి తిన్నయన్ని నా ఇంటి ముంగటికే వచ్చినయి. బెంగళూరు అయ్యంగార్ బేకరీ అని ప్రతి ఊర్ల బోర్డు ఉంటదా, అండ్ల శానమంది కర్ణాటకల హాసన్ దిక్కోళ్లు. మంచూరియా అని మీరు బండి కాడ తింటరు, అది చైనాది కాదు. బొంబాయిల ఒక చైనా వంశపాయన, నెల్సన్ వాంగ్, 1975ల కనిపెట్టిండంటరు. అది నాకు ఎక్కది. మంటెక్కువ, కమ్మదనం తక్కువ. దాని ఎంబడి ఊకెనే ఏం ఇస్తడు చెప్పు? ఎర్ర నీళ్ల సాసు!

మండి సంగతి వేరు. నిరుడు మీ అన్న వాని దోస్తులతోని తోలుకపోయిండు. చెప్పులిడిసి గద్దె మీద కూసున్నం. యెమెన్ దేశపు వంట అది. నిజాం ఫౌజుల పని చెయ్యనీకి వచ్చిన అరబ్బులు హైదరాబాద్ల బార్కస్‌ల ఉండిపోయిండ్రు, ఆడికెళ్లి ఊరూరికి పాకింది. మసాలా తక్కువ, అన్నానికి యాట ఆవిరి పట్టిస్తరు. బండ కారం తినే నాకు ముందుగాల సప్పగనే అనిపిచ్చింది. పక్కన పెట్టిన టమాట తొక్కు నాకి చూసిన. అది మంచిగున్నది. సూపు నాకిన, అదీ మంచిగున్నది. ఇగ తినొచ్చు అనుకున్న.

నడుమ ఒక్కటే పళ్లెం. వాని దోస్తులల్ల రెడ్లోళ్ల పోరడు ఉన్నడు, కోమటోళ్ల పోరడు ఉన్నడు, ఇంట్ల చెప్పకుంట వచ్చిండట ముక్క తిననీకి. అందరి చేతులు ఒక్క పళ్లెంలనే. నేను జర వెనుకకు జరిగి ఓర దిక్కుకెళ్లి తీసుకుంటున్న. మీ అన్న చూసి, "తాతా, మంచి ముక్క నడుమున్నది, నడుమ పెట్టు చెయ్యి" అన్నడు. వానికి గిలాస ముచ్చట తెల్వదు. నేను ఆ పూట చెప్పలే. ఇయ్యాల మీకు చెప్పిన, మీరు చెప్పుండ్రి వానికి.

పైసలు తక్కువుంటే మండికి ముగ్గురు పోవాలె, ఇద్దరి పళ్లెం చెప్పాలె. అన్నం ఎట్లయినా మిగులుతది. కూల్‌డ్రింకు ఆడ తాగద్దు. బిర్యానికి పోతే ముందుగాల మిర్చి సాలన్ నాలికె మీద పెట్టి చూడుండ్రి. ఇడ్లీ కాడ పల్లి చట్నీ పలుసగుంటే ఒక్క ప్లేటుతోని లేవుండ్రి.

ఇంకో మాట. ఆ హోటళ్లల్ల వంటోళ్లు ఎవలనుకున్నరు? శానమంది బీహార్ పోరగాండ్లు. మధ్యాన్నం గిరాకి తగ్గినంక ఎనుక కూసోని వాళ్లు తినేది మండి కాదు, బిర్యాని కాదు. రొట్టె, ఆలుగడ్డ, పచ్చిమిర్చి. నాకు లారీ హిందీ వచ్చు గద, ఒకనాడు పోయి ముచ్చట పెట్టిన. ఒక రొట్టె నాకు సుత ఇచ్చిండ్రు. ఆ ఆలుగడ్డల వాము, ఆవనూనె వాసన, ఉస్తాద్ ఉంటే మళ్ల అడిగేటోడు. నేను ఇంటికొచ్చి మీ నాయినమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు సీసల నింపుకపోయి ఇచ్చిన. రెండు దినాలకు సీస కడిగి తెచ్చిండ్రు. ఏ దుకాణంల దొరుకుతది, కిలో ఎంత అని అడిగిండ్రు. మా ఇంట్లది, ఊకెదే అన్న. నమ్మరు! ధర చెప్పుమని ఒకటే సతాయింపు. మీ నాయినమ్మ అడ్డుకోని, పైసలద్దు గని ఆ మండి ఎట్ల చేస్తరో చెప్పిపోండ్రి అన్నది. వాళ్లేమో అది ముఖ్య వంటోనికే తెలుసు, మేము ఉల్లిగడ్డలు కోస్తం అన్నరు. ఉల్లిగడ్డలు గూడ గంత లావుగ కోస్తరా అని ఆమె తిట్టిపంపింది, సీస మాత్రం నింపే పంపింది.